దిష్టి గడి

హనుమాండ్లన్న కండ్లు తెరుచుకొనే నిద్రపోతడు. నమ్మకపోతే పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో ఎక్కి చూడుండ్రి. తలుపు పక్కన నిలవడి బయటికే చూస్తుంటడు. చైతన్యపురి పోతది, విక్టోరియా మెమోరియల్ పోతది, ఎల్బీనగర్ల అందరు దిగుతరు, ఈయన గట్లనే నిలవడుతడు. నేను రెక్కపట్టి గుంజకపోతే అదే రైల్ల వాపస్ మియాపూర్ దాంక పోతడు. "ఏం చూస్తున్నవే అన్నా?" అని అడిగితే, "మిద్దెల మీద ఆరేసిన బట్టలు చెల్లె. నిన్న మూడు ఎర్రయి, ఒక పచ్చది ఉండె. ఇయ్యాల అన్ని తెల్లయే," అంటడు. గిసోంటోనితోని ఏడేండ్లసంది ప్రయాణం చేస్తున్న. నా ఓపికకు ప్రభువే ఫలమియ్యాలె.

నా పేరు కాంతమ్మ. సైదాబాద్‌ల ఉంట. ఎల్బీనగర్ దాటినంక ఒక యూనివర్సిటీ ఉన్నది, దాంట్ల హాస్టల్ మెస్సు నాది. నాది అంటే మా అయ్య కట్టిచ్చిండని గాదు. పన్నెండొందల మంది పిల్లలకు వండే పదకొండు మంది ఆడోళ్లకు నేను పెద్దను. నా నోరు మంచిది గాదని అందరు అంటరు. నా చెయ్యి మంచిదని గూడ వాళ్లే అంటరు. హనుమాండ్లన్న గదే యూనివర్సిటీల పంపుహౌజ్ చూసుకుంటడు. మా మెస్సు గడ్డ మీదుంటది, ఆయన పంపుహౌజ్ కిందికుంటది, నడుమ రెండొందల అడుగులు.

పంపుహౌజ్‌కు రాకముందు ఆయన చేనేత మనిషి. పోచంపల్లి కాడ పుట్టిండు. ఏడేండ్ల పిలగానప్పటిసంది చిటికి కట్టిండు. చిటికి అంటే ఏం లేదు, దారాలకు ఆడాడ గట్టిగ ముడి కట్టి రంగుల ముంచుతరు. ముడి ఉన్నకాడ రంగు ఎక్కది. ఏడ కట్టాల్నో ముందుగాల గళ్ల కాయిదం మీద గీసుకుంటరు. వాళ్ల నాయిన ఒక ముచ్చట చెప్పెటోడట: "బిడ్డా, డిజైను ఎంత మంచిగొచ్చినా ఒక్క గడి తప్పు వదులు. లేకుంటే దిష్టి తగుల్తది." గా వదిలిన గడిని వాళ్లింట్ల దిష్టి గడి అంటరట. మగ్గం ఆగిపోయినంక ఈయన పట్నమొచ్చిండు, కొత్తపేటల చీరల దుకాణంల చీరలు మడతపెట్టిండు, ఆఖరికి మా యూనివర్సిటీల పడ్డడు. గిప్పటికి పందొమ్మిదేండ్లు.

పంపుహౌజ్ గోడకు పెద్ద ఇనుప పెట్టె ఉంటది. దాని మీద వరుసగ ఎర్ర బల్బులు. టాంకీకి నీళ్లెక్కిచ్చే మోటరుకు ఒకటి, మా మెస్సు కరెంటు బాయిలర్‌కు ఒకటి, లైబ్రరీ ఏసీకి ఒకటి, గిట్ల. ఏది నడుస్తుంటే దాని బల్బు ఎలుగుతది. ఏ గంటకు ఏది నడుస్తున్నదో రిజిస్టర్ల రాయుమన్నరు ఈయనను. నాలుగో తరగతి చదువు, అచ్చరాలు రాయబోతే చెయ్యి వణికేదట. ఏం జేసిండు? దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ముంగట పుస్తకాల దుకాణంల గళ్ల పుస్తకం కొనుక్కొచ్చుకున్నడు. మిషన్‌కు ఒక వరుస, గంటకు ఒక గడి. నడిస్తే రంగు నింపుడు, ఆగితే తెల్లగ వదులుడు. మోటరుకు నీలం, బాయిలర్‌కు ఎరుపు, ఏసీకి పచ్చ. వారానికొక కాయిదం. సార్లు మొదట్ల నవ్విండ్రు, ఎన్కసిరి అలవాటు పడ్డరు, ఆఖరికి చూసుడే బంద్ చేసిండ్రు.

నేనొకసారి పంపుహౌజ్‌ల గా కాయిదాలన్ని నేల మీద పరిస్తే చూసిన. యూనివర్సిటీ అంతా చీర లెక్క కనిపిచ్చింది. పొద్దుగాల ఎర్రగ మొదలైతది, నడుమ పచ్చగైతది, పొద్దూకితే పలచబడ్తది, ఆదివారం కొంగు లెక్క తెల్లగుంటది. నేను వండిన అన్నాలు, పిల్లలు చేసిన స్నానాలు, చదివిన చదువులు అన్ని గా రంగులల్లనే ఉన్నయి. ఒక్కొక్క కాయిదం కాడ ఒంగి చూసిన. ఆయనతోని మాత్రం, "పనిలేనోడు పిల్లి తల గొరిగిండట," అన్న.

ఆయన కష్టం ఇంకోటుంది. పంపుహౌజ్ ఎనక చిన్న తోట. టాంకీ నిండినంక పైనున్న గొట్టంల నుంచి నీళ్లు పొర్లి గాడ పడ్తయి. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడు దాంక, రోజు. గా నీళ్లకే నేరేడు లేచింది, రెండు కానుగలు లేచినయి, దానిమ్మ చెట్టు కాయలు కాస్తది, మడి నిండ రంగు తీసే నీలి మొక్కలు. టాంకీ పొర్లుడు ఏ ఇంట్ల లేదు చెప్పుండ్రి. నాకైతే ఎన్నడు అనుమానం రాలే. రెండింటికి బాయిలర్ స్విచ్ నా చేతులతోని బంద్ జేసి, చాప తీసుకొని పోయి నేరేడు కింద పండుకునేదాన్ని. పైకెళ్లి నీళ్లు పడ్తుంటే వానల పండుకున్నట్టు ఉండేది. పిచ్చుకలు తడిసి రెక్కలు దులుపుకునేటియి. హనుమాండ్లన్న గోడకు ఆనుకొని కూసుండి, కండ్లు తెరుచుకొని, ఏ లోకానికో పోయేటోడు. గా గంట నాకు స్వర్గం. అబద్ధమెందుకు.

క్రిస్మస్ సెలవులు అయినంక జోస్నా అనే పిల్ల మెస్సుకొచ్చింది. బడంగ్‌పేట్ పిల్ల, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, బక్కగుంటది, నోట్‌బుక్కు సంకల పెట్టుకొని ఉరుకుతుంటది. "ఆంటీ, మన క్యాంపస్ పొగ తగ్గియ్యాలె. స్టూడెంట్లమే చేస్తున్నం," అన్నది.

"పొగేడుందే బిడ్డా? కట్టె లేదు, పొయ్యి లేదు. కరెంటు బాయిలర్ నాది, దాని ఆవిరి మీదనే వంట," అన్న.

"కరెంటు ఉత్తగొస్తదా ఆంటీ? ఏడనో బొగ్గు కాలితేనే ఒస్తది. మనం గీడ స్విచ్ ఏస్తే గాడ పొగ లేస్తది. గా పొగకు బరువుంటది. నీ బాయిలర్ ఒక్క గంట నడిస్తే బియ్యం బస్తంత పొగ."

పొగకు బరువేందని నవ్విన. గాని గా దినం నేరేడు కింద కండ్లు మూసుకుంటే, మా స్టోర్‌రూముల బియ్యం బస్తాల పక్కన ఇంకో వరుస బస్తాలు కనిపిచ్చినయి. సుతిలి తోని మూతి కట్టి ఉన్నయి, ఊపిరి తీస్తున్నట్టు మెల్లగ కదులుతున్నయి. లేచినంక గూడ జరసేపు నా సోయి నాకు లేదు.

యూనివర్సిటీ మొత్తానికి మీటరు ఒక్కటే. ఏది ఎంత తింటుందో ఎవలకు తెల్వది. పిల్లలు పరేషాన్ అవుతుంటే నేనే చెప్పిన, "పంపుహౌజ్‌ల ఒక పిచ్చోడున్నడు, పోయి అడుగుండ్రి," అని. జోస్నా పోయింది. గంటయినా రాలే. నేను పోయి చూస్తే నేల మీద గోనెసంచి ఏసుకొని కాయిదాల నడుమ కూసున్నది, కండ్లల్ల నీళ్లు. "ఆంటీ, తాత పందొమ్మిదేండ్లు గీసిండు. గిసోంటిది ఏ యూనివర్సిటీల ఉండదు," అన్నది. హనుమాండ్లన్న సిగ్గుపడి రంగు పెన్సిళ్లు సర్దుకుంటున్నడు. గా మనిషిని ఎవలన్న మెచ్చుకోంగ చూసుడు నాకు గదే మొదలు.

పిల్లలు మస్తు కష్టపడ్డరు. అంతస్తుకు ఇద్దరు చొప్పున తిరిగి ఖాళీ గదులల్ల ఫ్యాన్లు, లైట్లు బంద్ జేసిండ్రు. హాస్టల్ గీజర్లకు టైము పెట్టిండ్రు. ఫిబ్రవరి ఆఖర్ల నోటీసు బోర్డు మీద రిపోర్టు అంటిచ్చిండ్రు. చదివినోళ్లందరు నా దిక్కే చూస్తున్నరు. ఏందని పోయి చూస్తే, అన్నిటికన్న మీద రాసుంది: మెస్ బాయిలర్, మధ్యాహ్నం రెండు నుంచి మూడు, వంట లేకున్నా ప్రతిరోజు నడుస్తున్నది.

నా నెత్తురు సలసల కాగింది. నేను అగ్గిపుల్ల గూడ ఊకెనే గీయనిదాన్ని. పైనుంచి త్రినాథరావు సారు పిలిపిచ్చిండు. ఆయన అడ్మినిస్ట్రేషన్ చూస్తడు, తెనాలి దిక్కోడు. "ఏంటమ్మా కాంతమ్మా, ఖాళీగా బాయిలర్ వేసి నిద్రపోతున్నారంట? రేపు మీటింగులో తేల్చేస్తాం. మీకు చేతకాకపోతే మెస్సు బయటి కాంట్రాక్టుకి ఇచ్చేస్తామండి," అన్నడు. అండి అన్నడు గద, ఇగ ఖాయమని అర్థమైంది. పదకొండు మంది ఆడోళ్లు, కిరాయి ఇండ్లల్ల ఉండేటోళ్లు, వాళ్లందరి నడుమ నేను దొంగను.

సీదా జోస్నా కాడికి పోయిన. నోటికొచ్చినయన్ని అన్న. ఆ పిల్ల కాయిదాలు తెచ్చి ముంగట పెట్టింది. "నేను రాసింది గాదు ఆంటీ. తాత గీసిందే. చూడు." చూసిన. బాయిలర్ వరుసల పొద్దుగాల ఎరుపు, రెండు గంటల గడి ఎరుపు, మూడు గంటలది తెలుపు. గా వారం గట్లనే. గా నెల గట్లనే. ఎన్క సంవత్సరాలు గూడ గట్లనే. కింద మోటరు వరుస చూసిన. రెండు గంటలకు తెల్లగ, ఖాళీగ ఉంది.

టైము చూస్తే రెండు దాటింది. తోటకు నడిచిన. గొట్టంకెళ్లి నీళ్లు పొర్లుతున్నయి. పంపుహౌజ్‌ల మోటరు సప్పుడు గుంయ్ మని ఇనిపిస్తనే ఉంది. గిన్నేండ్లు గా సప్పుడుకే నాకు నిద్ర పట్టింది, ఇయ్యాల గది చెవులల్ల గుచ్చుకున్నది.

కాయిదం ఆయన ముంగట పరిచిన. "అన్నా, గిప్పుడు నా బాయిలర్ బల్బు ఎలుగుతున్నదా?"

"లేదు చెల్లె."

"మరి ఎవలది ఎలుగుతున్నది?"

ఆయన గొట్టం దిక్కు చూసిండు. "నాయిన చెప్పిండు గద. ఒక గడి తప్పు వదలాలె."

"నీ కాయిదానికి దిష్టి తగలొద్దని నా మెడకు కట్టినవా?"

దొంగకు తేలు కుట్టినట్టు కూసున్నడు. మెల్లగ చెప్పిండు. "మొదట్ల ఒక్కనాడు మోటరు బంద్ జేయ మరిసిన. నీళ్లు పొర్లి గీడ పడ్డయి. ఎండకు పగిలిన నేల, గది నీళ్లు తాగుతుంటే సప్పుడొచ్చింది చెల్లె. పసిపిల్ల తాగినట్టు. మోటరు కాడ గడి నింపితే సారు అడుగుతడని, పక్క వరుసల నింపిన. దిష్టి గడే గద అనుకున్న. తెల్లారి మల్ల గా సప్పుడు ఇనబుద్ధయింది. ఇగ మాననీకి రాలే."

తిడదామనే నోరు తెరిచిన. గాని నేను గూడ గా నీళ్ల కిందనే గిన్నేండ్లు పండుకున్న. నా పేరు మీద దొంగ గడి నిండుతుంటే పక్కనే గురక పెట్టిన. "నువ్వే చెప్పు అన్నా. నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్పకుంటే రేపటికి మెస్సు పోతది," అన్న. "చెప్తే మోటరు బంద్ జేస్తరు. ఎండకాలం ఒస్తున్నది," అన్నడు. అని చెట్లను ఒక్కొక్కదాన్నే చూసిండు. నేను గా దినం చాప పరవకుండనే ఎనకకొచ్చిన.

తెల్లారి మెట్రోల ఆయన తలుపు పక్కన నిలవడ్డడు గాని బయటికి చూస్తలేడు. ఎల్బీనగర్ల నా కన్న ముందుగాల ఆయనే దిగిండు. నేను గుంజుదామని సాచిన చెయ్యి గట్లనే ఉండిపోయింది.

మీటింగుల జోస్నా రిపోర్టు చదువుతున్నది. బాయిలర్ ముచ్చట రాంగనే ఎనక కుర్చీల నుంచి హనుమాండ్లన్న లేచిండు.

"గా గడి తప్పు బిడ్డా. బాయిలర్ నడవలే. మోటరు నడిచింది. నేనే నడిపిచ్చిన, చెట్లకు నీళ్ల కోసం."

"ఎన్నాళ్లనుంచి?" అన్నడు త్రినాథరావు సారు.

"మొదటిసంది సార్. కాంతమ్మ తప్పు ఏం లేదు. గా పిల్లల తప్పు గూడ లేదు."

సారు మస్తు కోపం చేసిండు. పందొమ్మిదేళ్లు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టామన్నమాట అన్నడు. ఆయన కోపం సగం ఆయన మీదనే అని నాకనిపిచ్చింది. ఉద్యోగం పోకుండ మెమోతోని ఖతమైంది. మోటరుకు దానంతట అదే ఆగే మిషన్ పెట్టాలని రాసుకున్నరు.

జోస్నా మొఖం వాడిపోయింది. నా కాడికొచ్చి చెవుల చెప్పింది. "ఆంటీ, నీ బాయిలర్‌ది రోజుకొక బస్తా పొగ అనుకున్నం. మోటరుది నాలుగు రోజులకు ఒక బస్తా. మా లెక్కల పెద్ద ముక్క పోయింది. ఇగ మా మాట ఎవలు నమ్ముతరు?"

నాకు ఏమైందో తెల్వది. లేచి నిలవడ్డ. "మీకు నా బాయిలర్‌ది ఒక గంట కావాల్నా? తీసుకోండ్రి. కందిపప్పు నానబెడితే గంట తక్కువల ఉడుకుతది. మీ స్టోర్‌రూం తాళం పదింటికి తీస్తరు, పదకొండింటికి పిల్లలు పళ్లెం పట్టుకొని నిలవడ్తరు. ఎప్పుడు నానాలె పప్పు? తాళంచెవి నాకియ్యుండ్రి సారూ, ఏడింటికి నానేస్త," అన్న.  జోస్నా నోట్‌బుక్కుల రాసుకుంటున్నది. త్రినాథరావు సారు తాళంచెవి గుత్తి దిక్కు చూసుకున్నడు. "దీన్ని ఇన్నాళ్లు ఎవరూ అడగలేదేంటండీ," అన్నడు. గీసారి అండి అంటే నాకు మంచిగనే అనిపిచ్చింది.

గట్ల నా మెస్సు నిలబడ్డది. బాయిలర్ గంట ముందుగాల ఆగుతున్నది, రోజుకొక బస్తా పొగ నిజంగనే తగ్గింది. పిల్లలకు పెద్ద పేరొచ్చింది. తోట మాత్రం ఎండింది.

మార్చ్ మొదట్లనే మోటరుకు మిషన్ పెట్టిండ్రు. రెండింటికి ఎప్పటి లెక్క పోయి నేరేడు కింద కూసున్న. గుంయ్ మని సప్పుడు లేదు, నీళ్లు లేవు. పిచ్చుకలు ఒచ్చి గొట్టం మీద కూసుండి, తల వంచి చూసి, పోయినయి. హనుమాండ్లన్న ఇంటి నుంచి సీసాల నీళ్లు తెచ్చి దానిమ్మకు పోసేటోడు. మెట్రోల సీసాలు సంచిల పెట్టుకొని నిలవడేటోడు. ఒక్కడు ఎన్ని మోస్తడు? ఏప్రిల్ల నీలి మొక్కలు పోయినయి. దానిమ్మ ఆకు రాల్చింది, మల్ల చిగురు పెట్టలే. గా దినాలల్ల ఆయనను చూస్తే నాకు నా నోటి మీదనే కోపమొచ్చేది. నువ్వే చెప్పు అన్నది నేనే గద.

ఒకనాడు మెస్సుల బియ్యం కడుగుతున్నరు. పన్నెండొందల మందికి బియ్యం, మూడు సార్ల కడుగు, పైకెళ్లి పప్పు కడుగు, కూరగాయల కడుగు. తెల్లటి నీళ్లు మోరీలకు పోతున్నయి. నేను చూస్తున్న. మోరీ నుంచి పంపుహౌజ్ దిక్కు చూసిన. గడ్డ మీదికెళ్లి కిందికి, రెండొందల అడుగులు. మోటరు ఎందుకే ముసల్దానా అని నన్ను నేనే తిట్టుకున్న. కొంగు నడుముకు చెక్కి జోస్నాను పిలిపిచ్చిన.

పరీక్షలు కాంగనే పిల్లలు దిగిండ్రు. నలభై మంది, గడ్డపారలు, పారలు. మెస్సు ఎనక సిమెంటు తొట్టి కట్టిండ్రు, కడుగు నీళ్లు దాంట్ల చేరుతయి. తొట్టికెళ్లి తోట దాంక కాలువ తవ్విండ్రు. సబ్బు నీళ్లు కలవొద్దని నేను గిన్నెలు తోమే జాగనే మార్చిన. హనుమాండ్లన్న కాలువకు వాలు ఎంతుండాల్నో దారం కట్టి చూపిచ్చిండు. ఆయన చేతులు దారం పట్టంగనే పడుచోని చేతుల లెక్క కదిలినయి.

జూన్ల మొదటి దినం. రెండింటికి బాయిలర్ చల్లగనే ఉంది, నేను తొట్టి బిరడ గుంజిన. నీళ్లు మెల్లగ కదిలినయి. నేను వాటి పక్కనే నడిచిన, అవి ఆగితే ఆగిన, అవి పోతే పోయిన. కాలువ పొడి మట్టి మీద ముందుకు పోతుంటే చిన్న చిన్న బుడగలు లేస్తున్నయి. నాకు గా నడక మెలుకువల నడిచినట్టు లేదు. నీళ్లు, నేను కలిసి తోటల అడుగు పెట్టినం.

హనుమాండ్లన్న నేరేడు కింద మోకాళ్ల మీద కూసుండి నేలకు చెవి ఆనిచ్చిండు. నీళ్లు చెట్ల మొదళ్ల కాడికి చేరినయి. గప్పుడు నేను గూడ ఇన్న. పసిపిల్ల తాగినట్టే ఉన్నది.

లేచి, చేతులు తుడుచుకొని, కాయిదం తీసిండు. కింద కొత్త వరుస గీసుకున్నడు, నా కడుగు నీళ్లకు. రెండు గంటల గడి రంగు నింపిండు. మోటరు వరుస చూసిన, తెలుపు. బాయిలర్ వరుస చూసిన, తెలుపు. ఏది ఆగిందో అది తెల్లగ, ఏది నడిచిందో అది రంగుల, ఎక్కడ తప్పు లేదు.

"దిష్టి గడి ఏడ పెట్టినవే అన్నా?" అని అడిగిన.

ఆయన ఎండిన దానిమ్మ దిక్కు చూసిండు.

"గది చాలదా చెల్లె," అన్నడు.

తెచ్చుకున్న చాప పరిచి ఆయనకు గూడ జాగ ఇచ్చిన.